కొత్త ఇండీ పాటని వెతికి వినిపించడం ఎలా: రేడియో హోస్ట్‌లకి మొదటి నుంచి చివరి దాకా

పాటలు ఎక్కడ దొరుకుతాయి, అనుమతి ఎలా అడగాలి, ఎవరికీ తెలియని గొంతుని శ్రోతలకి ఎలా పరిచయం చేయాలి అని కొత్తగా మైక్ ముందు కూర్చున్నవాళ్లు తరచూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు, వారం వారం నేను చేసే పనిని అదే వరసలో ఇక్కడ రాస్తున్నాను. వారానికో గంట షో చేసేవాళ్లకి ఇది సరిపోతుంది. కమ్యూనిటీ రేడియోలో చేసినా, ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్ రేడియోకి చేసినా పద్ధతి దాదాపు ఒకటే.

సినిమా పాటకి వెనక సినిమా ఉంటుంది, హీరో ఉంటాడు, టీజర్ ఉంటుంది. ఇండీ పాటకి, అంటే సినిమాతో సంబంధం లేకుండా కళాకారులు సొంతంగా చేసుకున్న పాటకి, మీరు చెప్పే నాలుగు మాటలే ఉంటాయి. కింద చెప్పే పనులన్నీ ఆ నాలుగు మాటలు సరిగ్గా రావడం కోసమే.

## 1. వెతికే ముందు గీత గీసుకోండి

మీ షోలో ఏ పాట ఉంటుంది, ఏది ఉండదు అన్నది మూడు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. లేకపోతే నెల తిరిగేసరికి ఫ్రెండ్స్ పంపినవన్నీ వేసుకుంటూ పోతారు.

నా గీత ఇది: పాట హక్కు దాన్ని తయారు చేసినవాళ్ల చేతిలో ఉండాలి. సినిమా పాటకి గిటార్‌తో చేసిన కవర్ ఎంత బాగున్నా నా షోలో ఉండదు. పాడింది కొత్తవాళ్లే అయినా పాట మాత్రం వాళ్లది కాదు కదా. విడుదలై ఆరు నెలలు దాటిన పాటని ‘కొత్త పాట’ అని చెప్పను. భాష విషయానికొస్తే గంటకి తొమ్మిది పాటల్లో ఆరు తెలుగు, రెండు ఇతర భాషలవి, ఒకటి మాటల్లేని వాద్య సంగీతం.

తర్వాత ఒక షీట్ తెరవండి. కాలమ్స్ ఇవి:

- కళాకారుల పేరు, పాట పేరు (తెలుగు లిపిలో, పలికే తీరులో)
- రాసినవారు, స్వరం కట్టినవారు, వాయించినవారు
- ఎక్కడ విన్నాను, ఏ తేదీన
- మొదటిసారి విన్నప్పుడు ఏమనిపించింది, ఒక్క వాక్యం
- అనుమతి: అడిగాను / వచ్చింది / రాలేదు
- ప్రసారమైన తేదీ

మొదటి అభిప్రాయం కాలమ్‌ని ఖాళీగా వదలకండి. మూడు వారాల తర్వాత లింక్ (పాటల మధ్య మీరు చెప్పే మాటలు) రాయడానికి కూర్చున్నప్పుడు పనికొచ్చేది అదే.

## 2. రోజూ అరగంట వెతకండి

ఆదివారం ఒక్క రోజే నాలుగు గంటలు కూర్చుంటే ఇరవయ్యో పాటకి చెవి మొద్దుబారుతుంది. రోజుకి అరగంట చాలు, కానీ రోజూ ఉండాలి.

యూట్యూబ్‌లో తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాలతో ఒకసారి వెతకండి. రెండిటికీ వచ్చే ఫలితాలు వేరు. ఫిల్టర్‌లో ‘ఈ వారం’ పెట్టండి. పెట్టకపోతే లక్షల వ్యూస్ ఉన్నవే మళ్లీ మళ్లీ పైకొస్తాయి.

కళాకారులు తమ పాటలు నేరుగా పెట్టుకునే బ్యాండ్‌క్యాంప్, సౌండ్‌క్లౌడ్ సైట్లలో ట్యాగుల ద్వారా వెళ్లండి. భాష పేరుతో పాటు హైదరాబాద్, విశాఖ అని ఊరి పేర్లతోనూ చూడండి. చాలామంది భాష ట్యాగ్ పెట్టడం మరిచిపోతారు, ఊరు మాత్రం పెడతారు.

క్రెడిట్స్ వెంట పడండి. నాకు మంచి పాటలు ఎక్కువగా ఇచ్చిన దారి ఇదే. ఒక పాట నచ్చితే కింద డిస్క్రిప్షన్ మొత్తం చదవండి. బేస్ గిటార్ ఎవరు, మిక్సింగ్ ఎవరు, ఏ స్టూడియో? ఆ మిక్సింగ్ చేసినతను ఇంకో నలుగురికి చేసి ఉంటాడు. ఆ నలుగురిలో ఇద్దరిని మీరు ఇంతకు ముందు విని ఉండరు. హైదరాబాద్‌లో చౌరస్తా, కాప్రిచియో లాంటి బ్యాండ్లు మీకు ముందే తెలిసి ఉండొచ్చు. వాళ్లతో కలిసి వాయించినవాళ్లు, వాళ్ల కన్నా ముందు స్టేజి ఎక్కినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారో చూడండి.

ఊళ్లోకి వెళ్లండి. కాలేజీ ఫెస్టులు, కేఫ్‌లలో ఓపెన్ మైక్‌లు, జాతరలు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో బోల్ హైదరాబాద్, జహీరాబాద్ దగ్గర మాచునూరులో మహిళలు నడిపే సంగం రేడియో లాంటి కమ్యూనిటీ స్టేషన్లు మీకు దగ్గరైతే, పని చేసేవాళ్లని కలిసి మాట్లాడండి. ఆ చుట్టుపక్కల ఎవరు పాడతారో వాళ్లకి తెలిసినంతగా ఏ యాప్‌కీ తెలియదు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు, యాప్ చూపించే సిఫారసుల మీదే ఆధారపడటం. మీరు నిన్న విన్నదానికి దగ్గరగా ఉన్నదాన్నే అది ఇవాళ ఇస్తుంది. వారంలో ఒక రోజు మీకు అలవాటు లేని రకం సంగీతానికి కేటాయించండి. ర్యాప్ వినేవాళ్లైతే ఆ రోజు తత్వాలు వినండి.

## 3. మూడు సార్లు, మూడు చోట్ల వినండి

మొదటిసారి ఇయర్‌ఫోన్స్‌లో, వేరే పనేమీ చేయకుండా. రెండోసారి మర్నాడు ఫోన్ స్పీకర్‌లో, ఏ వంటింట్లోనో. మూడోసారి రెండు రోజులు ఆగి, బస్సులోనో కార్లోనో. మీ శ్రోతలు వినే చోట్లు ఆ చివరి రెండే. అక్కడ మాటలు అర్థం కాకపోతే, ఇయర్‌ఫోన్స్‌లో ఎంత బాగున్నా పాట గాలికి పోతుంది.

ఒకసారి ఒకామె పంపిన పాట వింటుంటే రెండో చరణం చివర సన్నగా ఏదో ఈల వినిపించింది. రికార్డింగ్‌లో లోపం అనుకుని షీట్‌లో అలాగే రాసుకున్నాను. మూడోసారి వింటే తెలిసింది, అది కుక్కర్ విజిల్. ఫోన్ చేసి అడిగాను. వంటింటి పక్క గదిలో దుప్పటి కప్పుకుని రికార్డ్ చేశానండీ, ఆ ఒక్క టేక్‌లోనే గొంతు సరిగ్గా పలికింది, అందుకే తీసేయలేదు అన్నారామె. ఒక్కసారి విని పక్కన పెట్టి ఉంటే ఆ పాట నా షోకి వచ్చేదే కాదు.

మూడోసారి వినేటప్పుడు ఇవి చూసుకోండి:

- చివరి సెకను దాకా విన్నారా? బూతు మాటో, కులాన్ని కించపరిచే మాటో సరిగ్గా ఆఖరి చరణంలో ఉండొచ్చు.
- వేరే పాటలోంచి ముక్క ఏమైనా వాడారా? ఎక్కడో విన్నట్టుంది అనిపిస్తే అడిగి తీరాలి.
- గొంతు మనిషిదేనా? ఏఐతో చేసిన పాటలు ఇప్పుడు చాలా వస్తున్నాయి. అనుమానం వస్తే, రెండు లైన్లు ఊరికే పాడి వాయిస్ నోట్ పంపమని మర్యాదగా అడగండి. నిజంగా పాడినవాళ్లు సంతోషంగా పంపుతారు.
- వ్యూస్ అంకె చూసి మీ అభిప్రాయం మారిందా? మారితే స్క్రీన్ తిప్పేసి ఇంకోసారి వినండి.

## 4. అనుమతి: ఇక్కడ తొందరపడొద్దు

ఇండిపెండెంట్ అంటే ఉచితం అనుకోవడం మన దగ్గర బాగా పాతుకుపోయింది. హక్కు చాలాసార్లు పాట చేసినవాళ్ల చేతిలోనే ఉంటుంది కాబట్టి అడగడం సులువు, అంతే. అడగకుండా వేసుకోవచ్చని కాదు.

ముందు మీ స్టేషన్ పరిస్థితి తెలుసుకోండి. 1957 కాపీరైట్ చట్టంలోని 31డి సెక్షన్ కింద ప్రసార సంస్థలు ముందుగా నోటీసు ఇచ్చి, నిర్ణయించిన రాయల్టీ కట్టి, విడుదలైన పాటల్ని ప్రసారం చేయొచ్చు. ఇంటర్నెట్ సేవలకి ఈ వీలు లేదని బొంబాయి హైకోర్టు 2019లో తీర్పు చెప్పింది. కాబట్టి ఇంటర్నెట్ రేడియో వాళ్లు పాట ఎవరిదో వాళ్ల దగ్గరే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఇంకా విడుదల కాని డెమో అయితే ఎఫ్ఎం వాళ్లకైనా అంతే. స్టేషన్‌కి ఏ లైసెన్సులు ఉన్నాయో మేనేజర్‌ని అడిగి మీ షీట్ మొదటి పేజీలో రాసుకోండి.

తర్వాత కళాకారులకి మెసేజ్ పంపండి. నేను పంపేది ఇలా ఉంటుంది:

> నమస్తే అండీ. ఆదివారం సాయంత్రం 6 గంటలకి వచ్చే మా షోలో కొత్త పాటలు వినిపిస్తాం. మీ పాట మూడు సార్లు విన్నాను. రెండో చరణంలో తబలా ఆగిపోయి గొంతు ఒక్కటే మిగిలే చోటు నాకు చాలా నచ్చింది. వచ్చే వారం వినిపించాలని ఉంది. మీకు ఇష్టమైతే ఈ ఐదింటికి జవాబు పంపగలరా?
>
> 1. పాట రాసింది, స్వరం కట్టింది, వాయించింది ఎవరెవరు?
> 2. మ్యూజిక్ ట్రాక్ మీరే చేశారా, కొన్నారా? కొంటే దాని లైసెన్స్ రేడియోకి వర్తిస్తుందా?
> 3. మీరుగానీ, రచయితగానీ ఐపీఆర్‌ఎస్‌లో (రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ) సభ్యులా? లేబుల్‌తో ఒప్పందం ఏమైనా ఉందా?
> 4. షో రికార్డింగ్‌ని తర్వాత ఆన్‌లైన్‌లో పెడతాం. దానికి కూడా సరేనా?
> 5. మీ పేరు, పాట పేరు మీరు ఎలా పలుకుతారో అలా ఒక చిన్న వాయిస్ నోట్ పంపండి.

రెండో ప్రశ్న ర్యాప్ పాటలకి తప్పనిసరి. ఆన్‌లైన్‌లో కొన్న బీట్‌లకి చాలాసార్లు పరిమిత లైసెన్సే ఉంటుంది. కుర్రవాళ్లు ఆ షరతులు చదవరు. స్క్రీన్‌షాట్ అడిగి మీరు చదవండి.

మూడోది ఎందుకంటే, ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులైన రచయితలు, స్వరకర్తలు తమ ప్రసార హక్కుల్ని ఆ సంస్థకి అప్పగించి ఉంటారు. అప్పుడు వాళ్లు ‘ఉచితంగా వేసుకోండి’ అన్నా అది సరిపోదు. స్టేషన్ లైసెన్స్ ద్వారానే వేయాలి, ప్రసార లాగ్‌లో (ఏ పాట ఎప్పుడు వేశారో రాసే పట్టిక) పేర్లు సరిగ్గా ఎక్కించాలి. రాయల్టీ వాళ్లకి చేరేది ఆ లాగ్ వల్లే.

నాలుగోదాన్ని కలిపి అడగకండి, విడిగా అడగండి. ప్రసారానికి ఒప్పుకున్నంత మాత్రాన యూట్యూబ్‌లో పెట్టుకోమని అర్థం కాదు. పైగా డిస్ట్రిబ్యూటర్ ద్వారా విడుదలైన పాటైతే, ఆర్టిస్ట్ సరేనన్నా, పాటల్ని తానే గుర్తుపట్టే యూట్యూబ్ వ్యవస్థ కంటెంట్ ఐడీ ద్వారా మీ వీడియోకి హక్కుల క్లెయిమ్ రావొచ్చు.

జానపదం విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ‘జానపదం, రచయిత తెలియదు’ అని రాసేసి ముందుకి వెళ్లిపోవడం మన దగ్గర అలవాటు. ఆ పాట ఎవరి నోట విన్నారు, ఏ ఊళ్లో, వాళ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని అడగండి. చాలాసార్లు ఒక మనిషి పేరు బయటికొస్తుంది, బతికే ఉంటారు కూడా. అలా అయితే ఆ పేరు ప్రసారంలో వినిపించాలి, ఆ మనిషికి ముందే కబురు అందాలి. ఇందులో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

అమెరికాలో ఉన్న తెలుగు హోస్ట్‌లకి: అక్కడ చట్టమే నేరుగా ఇచ్చే లైసెన్స్ (స్టాట్యుటరీ లైసెన్స్) కింద నడిచే వెబ్ రేడియోలో మూడు గంటల వ్యవధిలో ఒకే ఆల్బమ్ నుంచి మూడు పాటలకి, ఒకే ఆర్టిస్ట్‌వి నాలుగు పాటలకి మించి వేయకూడదు. ఏ పాట ఎప్పుడొస్తుందో జాబితా ముందే ప్రకటించకూడదు. ఆర్టిస్ట్ నేరుగా రాసిచ్చిన పాటలకి ఈ లెక్కలు అడ్డు రావు. అనుమతి అడగడానికి ఇదొక మంచి కారణం.

జవాబు రాకపోతే వారం తర్వాత ఒక్కసారి గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే పాటని పక్కన పెట్టండి. మౌనం అర్ధాంగీకారం అనే మాట ఇక్కడ చెల్లదు.

## 5. ఫైలు సిద్ధం చేసుకోవడం

వాట్సాప్‌లో పాటగా పంపితే నాణ్యత తగ్గే ప్రమాదం ఉంది. డ్రైవ్ లింక్ గానీ, డాక్యుమెంట్ రూపంలో గానీ పంపమనండి. వేవ్ ఫైల్ ఉత్తమం, లేకపోతే 320 కేబీపీఎస్ ఎంపీ3. యూట్యూబ్ నుంచి దించుకున్నది వాడొద్దు.

ఆడాసిటీలో (ఉచిత ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) తెరిచి మూడు పనులు చేయండి:

1. మొదట్లో, చివర్లో ఉన్న ఖాళీ నిశ్శబ్దాన్ని కత్తిరించండి.
2. లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తో అన్ని పాటల్నీ ఒకే స్థాయికి తెండి. స్టేషన్ వేరే అంకె ఇవ్వకపోతే మైనస్ 16 లఫ్స్ (శబ్దం ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) దగ్గర పెట్టండి. ఇంట్లో చేసిన పాట సన్నగా, స్టూడియోలో చేసింది గట్టిగా వినపడితే శ్రోత మొదటిదాన్ని తక్కువగా చూస్తాడు. ఆ అన్యాయం మన చేతుల మీదుగా జరగకూడదు.
3. కాపీ తీసి మోనోలోకి (ఎడమ, కుడి కలిపి ఒకే చానెల్) మార్చి వినండి. గొంతు సగం మాయమైతే మిక్స్‌లో ఫేజ్ సమస్య ఉన్నట్టు, అంటే రెండు చానెళ్ల ధ్వని ఒకదాన్నొకటి కొట్టేసుకుంటోంది. చిన్న రేడియోలు చాలావరకు, కొన్ని ఫోన్ స్పీకర్లు మోనోలోనే పలుకుతాయి. ఆర్టిస్ట్‌కి చెప్పి సరిచేసిన ఫైల్ అడగండి.

ఫైల్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. పాటల్ని ప్రసారం చేసే కొన్ని ప్లేఅవుట్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు లిపి డబ్బాలు డబ్బాలుగా కనిపించి, లైవ్‌లో ఏ పాట ఏదో తెలియక టెన్షన్ పడాల్సి వస్తుంది.

## 6. గంటని పేర్చడం

నా లెక్క: తొమ్మిది పాటలకి దాదాపు 36 నిమిషాలు, లింకులకి 12, ఆర్టిస్ట్ గొంతుతో చిన్న సంభాషణకి 5, జింగిల్స్‌కి (షో పేరు వినిపించే చిన్న ట్యూన్లు) 3. మిగిలిన నాలుగు నిమిషాలు చేతిలో ఉండాలి. మొదటిసారి చేసేవాళ్లు ఆ నాలుగు నిమిషాల్లో పదో పాట ఇరికిస్తారు. చివరి పాట మధ్యలో తెగిపోయేది అందుకే.

మొదటి పాట పది సెకన్లలోపు పట్టుకునేదై ఉండాలి. అన్నిటికన్నా అపరిచితమైన పాటని మూడో స్థానంలో పెట్టండి. అప్పటికి శ్రోతకి మీ మీద కొంచెం నమ్మకం కుదిరి ఉంటుంది. రెండు వారాల కిందట వేసిన పాటల్లో ఒకటి మళ్లీ వేయండి. కొత్త పాట ఒక్కసారి వింటే నాలుక మీదకి రాదు, రెండోసారికి పల్లవి అందుతుంది.

## 7. లింక్ రాయడం

పాటకీ పాటకీ మధ్య మీరు మాట్లాడేదే లింక్. ముప్పై నుంచి నలభై సెకన్లు చాలు. ముందే రాసుకుని, గట్టిగా చదివి, టైమ్ చూసుకోండి.

వద్దనుకునే లింక్ ఇది: ‘ఇప్పుడు ఒక అద్భుతమైన యువ ప్రతిభ నుంచి మనసుని హత్తుకునే మెలొడీ, వినేద్దామా!’ దీన్ని ఏ పాటకైనా అతికించొచ్చు. అంటే ఈ పాట గురించి ఏమీ చెప్పలేదన్నమాట.

కుక్కర్ విజిల్ పాటకి నేను రాసుకున్నది ఇది: ‘ఈ పాట రాసి పాడినావిడ పగలు ఒక మందుల షాపులో పని చేస్తారు. రాత్రి వంటింటి పక్క గదిలో దుప్పటి కప్పుకుని రికార్డ్ చేశారు. రెండో చరణం చివర చెవి పెట్టండి, దూరంగా కుక్కర్ విజిల్ వినిపిస్తుంది. ఆ టేక్‌నే ఉంచేశారు.’ ఆ తర్వాత పేరు, పాట పేరు, వెంటనే పాట.

ఇందులో ఒక పద్ధతి ఉంది. శ్రోత దేని కోసం ఎదురుచూడాలో ఒక్కటి చెప్పాను. పేరు చివర్లో పెట్టాను, పాట మొదలయ్యేసరికి అదే చెవిలో మిగలాలని. ఉద్యోగం గురించి చెప్పొచ్చా అని ఆమెని ముందే అడిగాను. ఇంటి సంగతులు, ఆరోగ్యం, కులం, పెళ్లి లాంటివి వాళ్లు చెప్పమంటేనే చెప్పాలి.

పాట అయిపోయాక పేరు మళ్లీ చెప్పండి. మధ్యలో రేడియో పెట్టినవాళ్లకి అదే ఆధారం. పాట నడుస్తుండగా మాట్లాడాల్సి వస్తే గొంతు ఎన్నో సెకనులో మొదలవుతుందో స్క్రిప్ట్‌లో రాసుకోండి. అంతకు రెండు సెకన్ల ముందే ఆపేయండి.

పేరు తెలుగు లిపిలోనే రాసుకుని చదవండి. ఒకసారి ఇంగ్లీషు అక్షరాల్లో చూసి ఒక గాయని ఇంటిపేరులో ‘ళ’ని ‘ల’ చేశాను. వాళ్ల అమ్మానాన్నలు మొదటిసారి కూతురి పేరు రేడియోలో వినడానికి కూర్చున్న రోజు అది. వాయిస్ నోట్ అడగడం ఆ రోజు నుంచే మొదలుపెట్టాను.

## 8. షో రోజు చూసుకోవాల్సినవి

- రెండు రోజుల ముందే ఆర్టిస్ట్‌లకి టైమ్, ఎలా వినాలో మెసేజ్ పంపారా?
- ప్రతి పాటకీ అనుమతి మెసేజ్ స్క్రీన్‌షాట్ ఫోల్డర్‌లో ఉందా?
- అన్ని ఫైళ్లూ ప్లేఅవుట్ కంప్యూటర్‌లో మొదటి పది సెకన్లు మోగాయా?
- పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉందా?
- అవసరమైతే వేయడానికి అనుమతి ఉన్న రెండు అదనపు పాటలున్నాయా?
- లింకులు ప్రింట్ తీశారా? ఫోన్‌లో చదువుతుంటే సరిగ్గా అప్పుడే కాల్ వస్తుంది.

## 9. షో తర్వాత పంచుకోవడం

అదే రాత్రి పాటల జాబితా పెట్టండి: నిమిషం, పాట, పాడినవారు, రాసినవారు, ఎక్కడ కొనొచ్చు. కొనే చోటు ఉంటే స్ట్రీమింగ్ లింక్ కన్నా ముందు దాన్ని పెట్టండి. బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకాల మీద 15 శాతం తీసుకుంటుంది, చెల్లింపు చార్జీలు పోగా మిగతాది ఆర్టిస్ట్‌కే.

ప్రతి ఆర్టిస్ట్‌కీ వాళ్ల లింక్, పాట మొదటి కొన్ని సెకన్లు కలిపి చిన్న క్లిప్ చేసి పంపండి. వాళ్లు స్టేటస్‌లో పెట్టుకుంటారు, తర్వాత కచేరీ అడగడానికి వెళ్లినప్పుడు చూపించుకుంటారు. శ్రోతలు పంపిన మాటలుంటే అవి కూడా పంపండి. పూర్తి షోని ఉంచడానికి మిక్స్‌క్లౌడ్ అనువుగా ఉంటుంది, రేడియో షోలని దృష్టిలో పెట్టుకుని నడిపేదే అది.

## 10. తరచూ ఎదురయ్యే చిక్కులు

పాట వేస్తే డబ్బిస్తామంటే? తీసుకోవద్దు, భోజనం కూడా వద్దు. ఒక్కసారి తీసుకుంటే మీ మిగతా పాటల మీద కూడా అనుమానం పడుతుంది.

ఫ్రెండ్ పాట నచ్చలేదు, ఎలా చెప్పాలి? పాటలో ఏ చోట మీ ధ్యాస చెదిరిందో నిమిషంతో సహా చెప్పండి. ‘చూద్దాంలే’ అని నెలల తరబడి తిప్పడం కన్నా అది గౌరవంగా ఉంటుంది. తర్వాతి పాట పంపమని అడగండి.

మేనేజర్ సినిమా పాటలే కావాలంటున్నారు. వారానికి ఒక్క పాటతో మొదలుపెట్టండి. కమ్యూనిటీ రేడియో అయితే, కనీసం 50 శాతం కార్యక్రమాలు స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలని ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది, అది గుర్తు చేయండి.

లైవ్‌లో పేరు తప్పు చెప్పేశాను. తర్వాతి లింక్‌లోనే సరిచేసి చెప్పండి, షో అయ్యాక ఫోన్ చేసి క్షమాపణ అడగండి. ఆ పాటని మరుసటి వారం మళ్లీ వేసి, సరైన పేరు ముందూ వెనకా చెప్పండి.